నీళ్ళు ఏ వరసలో పారితే ఆ వరసలో రాయి

తమ్ముడికి ఆశీస్సులు.

ఆగస్టులో జపాన్‌లోని గుజో హచిమన్ వెళ్తున్నావనీ, నాలుగు రోజులుంటావనీ, వచ్చాక యాత్రా వ్యాసం రాస్తావనీ తెలిసి సంతోషించాను. వెళ్ళేముందు ఏం చదవాలని అడిగావు. చదువు సంగతి తరువాత చూద్దాం. ఆ ఊళ్ళో దేని తరువాత ఏది చూడాలన్నది ముందు తేల్చుకో. వ్యాసం కుదరడమైనా చెడడమైనా అక్కడే. వెళ్ళినవాళ్ళంతా కోట నుంచి మొదలుపెడతారు, నువ్వు నీళ్ళ నుంచి మొదలుపెట్టు. నీళ్ళు ఏ వరసలో పారుతున్నాయో ఆ వరసలో నడువు, ఆ వరసలోనే రాయి.

గిఫు ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి విభాగం) నడిమి కొండల్లో ఉంటుందా ఊరు. 2004లో ఏడు ఊళ్ళను కలిపి గుజో నగరమని పేరు పెట్టారు గానీ, నువ్వు చూడబోయేది అందులో హచిమన్ అనే పాత కోట ఊరు. తూర్పు నుంచి యొషిదగవ ఊరి మధ్యగా వచ్చి, పడమటి పక్కన నగరగవలో కలుస్తుంది. ఉత్తరం నుంచి కొదరగవ అనే చిన్న ఏరు వచ్చి యొషిదగవలో పడుతుంది. గోదావరి గట్టున పెరిగిన కంటికి ఇవి నదుల్లా ఆనవు. అలాగని ప్రతి పేరాలోనూ గోదావరిని తీసుకురాకు. వెడల్పు చెప్పేచోట ఒక్కసారి పోలిస్తే చాలు, ఆ తరువాత ఆ ఏటిని ఆ ఏరుగానే ఉండనివ్వు.

మొదటి ఉదయం ఊరు లేవకముందే సోగిసుయి ఊట దగ్గరికి వెళ్ళు. కొదరగవ ఒడ్డునే ఉంటుంది. 1985లో జపాన్ పర్యావరణ శాఖ దేశంలో పేరున్న నూరు నీటివనరుల జాబితా వేసినప్పుడు అందులో మొట్టమొదట ఎంపికైంది ఇదే. సోగి అన్నది కవి పేరు. ఒకరు మూడు పాదాలు చెబితే ఇంకొకరు రెండు పాదాలు అందుకునే గొలుసు కవిత్వంలో ఆయన 15వ శతాబ్దపు దిట్ట. ఆ ప్రాంతపు ప్రభువు, పండితుడు తో త్సునెయొరి దగ్గర పాత ఆస్థాన కవిత్వపు మర్మాలు నేర్చుకోవడానికి 1471లో వచ్చాడు. ఈ సంగతికి రెండు వాక్యాలు చాలు. అక్కడ నువ్వు నిలబడి చూడాల్సింది నీళ్ళ అరలను. ఊట పుట్టేచోటు తాగడానికి. దాని కింది అర బియ్యం, కూరగాయలు కడగడానికి. ఆ దిగువది గిన్నెలకూ మిగతా కడుగుళ్ళకూ. ఒకదానిలో నిండి పొర్లిన నీరే కిందిదానిలోకి వస్తుంది, ఎదురు ఎక్కదు.

ఇదే పద్ధతి ఊళ్ళో చాలాచోట్ల మిజుబునే అనే తొట్టెల్లో కనిపిస్తుంది. మిజు అంటే నీరు. ఫునే అంటే పడవ, తొట్టి అని కూడా అర్థముంది, కలిసినప్పుడు బునే అయింది. 'నీటి పడవ' అని అనువదించావంటే పాఠకుడు ఏట్లోకి చూస్తాడు, తొట్టి అనే రాయి. రెండు మూడు తొట్టెలు మెట్లలా దిగుతాయి. చివరి తొట్టి కింద చేపల మడుగు, గిన్నెల్లోంచి జారిన మెతుకులు వాటికి మేత, ఆ మడుగు దాటాకే నీరు కాలువలో పడుతుంది. మన భాషలో దీనికి సిద్ధంగా రెండు మాటలున్నాయి: మంచినీళ్ళు, వాడుకనీళ్ళు. ఇవి వాడితే సగం వివరణ తగ్గిపోతుంది. పై తొట్టిలో చెయ్యి ముంచకు, పడే ధార కింద దోసిలి పట్టు. అక్కడ ఎవరైనా కడుక్కుంటుంటే పక్కకు నిలబడు, ఫొటోకి ముందుగా అడుగు. అవి ప్రదర్శనకు పెట్టినవి కావు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు శుభ్రం చేసుకుంటూ వాడుకుంటున్నవి.

తడబడేది ఇక్కడే. కొత్తగా రాసేవాళ్ళు ఈ చోటికి రాగానే 'స్ఫటికంలాంటి నీరు మనసును పరవశింపజేసింది' అని రాస్తారు. ఆ వాక్యం ఏ ఊరికైనా అతుకుతుంది, అందుకే ఏ ఊరినీ చూపించదు. 'పై తొట్టిలో గ్లాసు, రెండోదానిలో దోసకాయలు, మూడోదానిలో అన్నం గిన్నె' అని నువ్వు చూసింది చూసినట్టు రాయి. నీరు ఎంత తేటగా ఉందో వేరే చెప్పక్కర్లేదు, దోసకాయలే చెబుతాయి.

అక్కడి నుంచి కాలువల వెంట నడువు. ఇగవ అనే సందులో నూరు మీటర్ల పైచిలుకు దారి, పక్కనే కాలువ, అందులో పెద్ద పెద్ద కార్ప్ చేపలు, మధ్యమధ్య కడుగుడు రేవులు. యనక అనే ఇంకో సందులో నేలంతా గులకరాళ్ళు పరిచారు, యొషిదగవ, నగరగవల్లోంచి తెచ్చిన రాళ్ళు, దాదాపు 80,000. ఈ రెండు చోట్లా జనం ఫొటోలు తీసుకుంటారు. నువ్వు మాత్రం ఇళ్ళ ముందు సన్నకాలువల అంచులు చూడు. రాతిలో నిలువు గాడులు కనిపిస్తాయి. వాటిలో చెక్కపలక దింపితే వెనక నీరు మడుగు కడుతుంది, ఆ ఇంటివాళ్ళు పని చూసుకుని పలక ఎత్తేస్తారు. పొలం బోదెకు మడవ కట్టడం తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ కాలువలు తవ్వింది అందానికి కాదు, నిప్పుకు భయపడి. 17వ శతాబ్దంలో ఊరు తగలబడ్డాక వీధివీధికీ నీరు మళ్ళించారు. అయినా 1919లో మళ్ళీ నిప్పంటుకుని ఉత్తరపు వీధులు బూడిదయ్యాయి. నువ్వు పాతవనుకుని చూసే షొకునిన్-మచి, కజియ-మచి ఇళ్ళు ఆ తరువాత కట్టినవే. షొకునిన్ అంటే చేతిపనివాడు, కజియ కమ్మరి, మచి పేట. చూరు కింద ఇంటికీ ఇంటికీ మధ్య రెక్కలా పొడుచుకొచ్చిన గోడ ముక్క ఉంటుంది, మంట పక్కింటికి పాకకుండా కట్టింది. చూరుకు బకెట్లు వేలాడుతుంటాయి. 2012లో ఈ భాగాన్ని దేశం సంరక్షిత ప్రాంతంగా గుర్తించింది. కాలువ, గోడ, బకెట్ మూడూ ఒకే భయానికి మూడు జవాబులు కాబట్టి వాటిని ఒకే పేరాలో ఉంచు.

యొషిదగవ మీద షిన్‌బషి వంతెన నుంచి ఊరి కుర్రాళ్ళు ఏట్లోకి దూకుతారు, ఎత్తు దాదాపు 12 మీటర్లు. చిన్నప్పుడు ఒడ్డు బండల మీద నుంచి మొదలుపెట్టి, ఏడాదికేడాది ఎత్తు పెంచుకుంటూ వంతెన దాకా వస్తారు. లోతు ఎక్కడుందో, బండ ఎక్కడుందో వాళ్ళకు ఒంటికి తెలుసు. బయటివాళ్ళు దూకి ప్రమాదాలు తెచ్చుకున్నందుకే అక్కడ హెచ్చరిక బోర్డు ఉంది. వ్యాసం కోసం కూడా దూకొద్దు.

నీళ్ళలో మోకాలి లోతున పొడుగాటి గాలపు కర్రలతో నిలబడ్డవాళ్ళు కనిపిస్తే అవి అయు చేపల కోసం. కర్ర తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. అయు రాళ్ళ మీది పాచి తిని బతుకుతుంది, తన రాతిని ఇంకో చేపకు వదలదు. అందుకే గాలానికి ఎర గుచ్చరు. బతికున్న అయుకే ముక్కుకు చిన్న కడియం తగిలించి, తోక వెనక గాలాలు వేలాడదీసి వదులుతారు. ఆ రాతిని ఏలే చేప దాన్ని తరమడానికొచ్చి తానే చిక్కుకుంటుంది. పట్టిన కొత్త చేపను తదుపరి వంతుకు పంపుతారు, ఎందుకంటే అలసిన చేప లోతుకు దిగదు. బతుకంతా ఒక్క ఏడాదే. ఉప్పు పట్టించి పుల్లకు గుచ్చి కాల్చి పెడతారు, దోసకాయ వాసన వేస్తుంది. నగరగవకూ అయుకూ మనుషులకూ ఉన్న ఈ పొత్తును ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2015లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పట్టేవాళ్ళతో మాట్లాడాలంటే గట్టు మీదే ఆగు. నీళ్ళలోకి దిగావంటే నీ నీడకే చేప బెదురుతుంది.

ఇక ఆట, అంటే నాట్యం. గుజో ఒదొరి జులై నడుమ మొదలై సెప్టెంబర్ మొదటి వారాల దాకా ముప్ఫై రాత్రుల చిల్లర సాగుతుంది, ఆగస్టు 13 నుంచి 16 వరకు నాలుగు రాత్రులు మాత్రం తెల్లవార్లూ. జపాన్ అంతటి నుంచి 41 ఊరి ఆటలను కలిపి యునెస్కో 2022లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, వాటిలో ఇదీ ఉంది. నాలుగు వందల ఏళ్ళ ఆట అనీ, అన్ని తరగతుల వాళ్ళూ కలవాలని ఒక ప్రభువు మొదలుపెట్టించాడనీ అంటారు. అలాంటి చోట 'అంటారు' అన్న మాట తీసెయ్యకు. 1754 నుంచి 1758 దాకా పన్నుల మీద ఇక్కడి రైతులు తిరగబడ్డ సంగతి మాత్రం చరిత్ర. ప్రభువు పదవి ఊడింది, ముందు నిలబడ్డ రైతుల తలలు తెగాయి. అందరూ కలిసి ఆడే ఆట గురించి రాసేటప్పుడు ఇది నీ మనసులో ఉండాలి.

నాలుగు వీధుల కూడలిలో యకత అనే చక్రాల మంటపం నిలుపుతారు. పాడేవాళ్ళు, షమిసెన్ అనే మూడు తీగల వాద్యం, డప్పు, వేణువు అందులో. చుట్టూ వలయాలుగా జనం. ఆటలు పది. చూసేవాళ్ళకు వేరే చోటుండదు, ఎవరైనా వలయంలోకి దిగొచ్చు, యుకత అనే నూలు అంగీ లేకపోయినా ఫర్వాలేదు. కానీ ఏమీ రాకుండా దిగితే నీ వెనకవాళ్ళ వరస చెడుతుంది. అందుకే మొదటి రోజు పగలే హకురంకన్ మ్యూజియంకి వెళ్ళు. 1920 నాటి పన్నుల కార్యాలయ భవనమది, అక్కడ ఆట చేసి చూపిస్తారు. పదీ కాదు, కవసకి, హరుకొమ రెండు పట్టుకో. కవసకి నెమ్మది. హరుకొమ గుర్రం కళ్ళెం లాగినట్టు చేతులు, వేగం ఎక్కువ. వలయంలో ముందున్నవాళ్ళ చేతులు చూడకు, పాదాలు చూడు. పాదం కుదిరితే చెయ్యి దానంతటదే వస్తుంది. గెత అనే చెక్క చెప్పులు వేసుకోవాలనుకుంటే రెండు మూడు రోజుల ముందే కొని గదిలో వేసుకు తిరుగు. కొత్త పట్టీ బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒరుసుకుని అరగంటలో బొబ్బ లేపుతుంది. మామూలు రాత్రుల్లో ఆడే వీధి మారుతుంటుంది, ఈ రాత్రి ఎక్కడో బసలో అడుగు. చివరి ఆట మత్సుసక. దానికి వాద్యాలుండవు, గొంతు, తాళం వేసే చెక్కలు, రోడ్డు మీద గెతల చప్పుడు. ఫోన్ జేబులో పెట్టేసి ఆ చప్పుడు విను, రాయాల్సిందది.

తెల్లవార్లూ ఆడే ఆ నాలుగు రోజులకు గదులు నెలల ముందే అయిపోతాయి. దొరక్కపోతే రైలు మార్గంలో పైకో కిందికో ఇంకో ఊళ్ళో ఉండు, తిరిగి చేరే బండి వేళ ముందే రాసిపెట్టుకో. నగోయా నుంచి బస్సు గంటన్నర. కొన్ని బస్సులు ఊళ్ళోకి రావు, ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే దింపేస్తాయి, టికెట్ కొనేటప్పుడే అడుగు. వీలైతే మినో ఓత నుంచి నగరగవ రైల్వే ఎక్కు. తరచుగా ఒక్కటే పెట్టె, డీజిల్ బండి, గంటా ఇరవై నిమిషాలు ఏటి పక్కనే పోతుంది. ఎక్కగానే నంబరు చీటీ తీసుకో, దిగేటప్పుడు డ్రైవర్ పక్కన చీటీతో సహా డబ్బు వెయ్యాలి, చిల్లర ఉంచుకో. 1929 నాటి స్టేషన్ నుంచి పాత ఊరికి ఇరవై నిమిషాల నడక. దుకాణాలు సాయంత్రం ఐదుకల్లా మూస్తారు. పాత పద్ధతి బసల్లో రాత్రి భోజనం వేళకు పెడతారు, ఆలస్యమైతే ఉండదు.

నువ్వు శాకాహారివి కాబట్టి ఇదొకటి. కూరగాయల పులుసులో, నూడుల్స్ రసంలో కూడా ఎండుచేప సారం ఉంటుంది. 'మాంసం వద్దు' అంటే చాలదు, అది వాళ్ళకు చేపను కలుపుకోని మాట. 'చేప సారం కూడా వద్దు' అని జపనీస్‌లో రాయించుకుని, గది తీసుకునేటప్పుడే పంపు.

మధ్యాహ్నం ఎండ మండేవేళ మైనం వంటకాల పనిశాలలో కూర్చో. హోటళ్ళ అద్దాల వెనక పెట్టే నకిలీ వంటకాలను వ్యాపారంగా నిలబెట్టిన ఇవసకి తకిజో 1895లో ఈ ఊళ్ళోనే పుట్టి, 1932లో ఒసాకాలో పని ప్రారంభించాడు. ఇప్పుడు దుకాణాలకు చేసేవి చాలావరకు ప్లాస్టిక్‌వి, నేర్పేది మాత్రం పాత మైనం పనే. గోరువెచ్చని నీళ్ళలో, దాదాపు 40 డిగ్రీలు, కరిగిన మైనాన్ని ఎత్తు నుంచి పోస్తే బజ్జీ పొరలా విచ్చుకుంటుంది, దాన్ని నకిలీ రొయ్యకు చుడతారు. లెట్యూస్ ఆకుకు తెల్ల మైనం, ఆపైన ఆకుపచ్చ పోసి, రేకును నీళ్ళలోకి లాగి ముడుస్తారు. నీరు చల్లబడితే మైనం పెళుసెక్కి విరుగుతుంది. ఇక్కడా పని నీళ్ళదే, అందుకే నీ వ్యాసంలో దీనికి చోటుంది.

కోట చివరి రోజున ఎక్కు. 1559లో మొదలైన కోట మెయిజి కాలంలో (1868-1912) పోయింది, ఇప్పుడున్నది 1933లో చెక్కతో తిరిగి కట్టింది. జపాన్‌లో చెక్కతో తిరిగి కట్టిన కోటల్లో అదే పాతది. పైనుంచి చూస్తే మూడు రోజులుగా నువ్వు వెంట నడిచిన నీళ్ళ దారి మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది. మొదటి రోజే ఎక్కితే ఇళ్ళ కప్పులు తప్ప ఏమీ కనిపించవు. ఇంకొకటి, జనవరి చలిలో కొదరగవలో రంగుల చేపజెండాలను ఉతికి అద్దకపు జిగురు వదలగొడతారు. చాలా గొప్ప దృశ్యం, కానీ నువ్వు వెళ్ళేది ఆగస్టులో. చూడనిదాన్ని చూసినట్టు రాయకు.

పేర్ల విషయంలో ఇంగ్లీషు అక్షరాలను నమ్మకు. హ్రస్వ దీర్ఘాలు మన లిపిలో చక్కగా పలుకుతాయి. గుజోలో ఓకారం దీర్ఘం, హచిమన్‌లో దీర్ఘమే లేదు, ఒదొరిలో రెండూ హ్రస్వాలు. ఆ 'జో' జోడులోది కాదు, జ్యోతిలోదానికి దగ్గర, మొదటిసారి వచ్చినచోట చెప్పు. 'నగర నది' అని రాస్తే ఊళ్ళో నది అనుకుంటారు. గవ అంటేనే నది కాబట్టి నగరగవ అని వదిలేయి, పక్కన మళ్ళీ నది తగిలించకు. టోక్యో, నగోయా, ఒసాకాలాంటి అలవాటైన పేర్లను కదిలించకు.

మొదటి ప్రతి పంపేటప్పుడు దానితో పాటు తొట్టెల దగ్గర నోటుబుక్కులో గీసుకున్న బొమ్మ కూడా పంపు. ఏ తొట్టిలోంచి ఏ తొట్టిలోకి, అక్కడి నుంచి ఏ కాలువలోకి, ఆ కాలువ ఏ ఏట్లోకి, బాణాలు వేసి. ముందు అది చూస్తాను.

ప్రేమతో,
అన్నయ్య