నవ్వు ఎక్కడ పుట్టిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ టీవీ కామెడీల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. వాటి మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, అది నాకు సంతోషం కలిగించింది. అయితే వ్యాసంలో చాలా భాగం కథ చెప్పడానికీ, నచ్చిన సంభాషణలను ఎత్తిరాయడానికీ సరిపోయింది. తెర మీద కడుపుబ్బ నవ్వించిన మాట కాగితం మీదికి వచ్చేసరికి చప్పబడుతుంది. ఆ మాటకు ముందు నటుడు ఆగిన ఒక్క క్షణం, ఎదుటివాడి ముఖం, ఆ పాత్ర స్వభావం గురించి మనకు అప్పటికే తెలిసిన సంగతులు దానితో పాటు రావు కదా. అందుకే నవ్వు ఎక్కడ పుట్టిందో, నీలోనే ఎందుకు పుట్టిందో వెతికి రాయమంటున్నాను.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చెబుతాను. 1970 నుంచి 1977 వరకు సీబీఎస్ చానెల్‌లో వచ్చిన 'ది మేరీ టైలర్ మూర్ షో' మినియాపొలిస్‌లోని ఒక టీవీ వార్తా విభాగంలో నడుస్తుంది. 1975 అక్టోబరులో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో, ఆ స్టేషన్‌లో పిల్లల కార్యక్రమం చేసే చకిల్స్ అనే జోకర్, వేరుశెనగకాయ వేషంలో ఊరేగింపులో వెళ్తూ ఏనుగు వల్ల ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆఫీసులో అందరూ ఆ చావు మీద జోకులు వేస్తుంటే మేరీ ఒక్కతే వాళ్లను మందలిస్తుంది. తీరా అంత్యక్రియల్లో అందరూ గంభీరంగా కూర్చున్నప్పుడు, పాస్టర్ చకిల్స్ వేసిన వేషాలను తలుచుకుంటుంటే ఆమెకే నవ్వు ఆగదు. పాస్టర్ కోప్పడడు, నవ్వించడమే చకిల్స్ బతుకు గనుక మనసారా నవ్వమంటాడు. ఆ మాటతో మేరీ భోరున ఏడుస్తుంది.

ఇంతవరకు కథ. వ్యాసం ఇక్కడి నుంచి మొదలు కావాలి. నవ్వకూడదని అందరికీ చెప్పిన మనిషికే నవ్వు రావడం, నవ్వడానికి అనుమతి దొరికిన క్షణంలోనే ఆమెకు దుఃఖం పొంగడం — ఈ రెండు మలుపుల కోసమే ఎపిసోడ్ మొదటి భాగమంతా ఓపికగా కట్టారు. అది చూసినప్పుడు నాకు మన ఇళ్లలో పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక, పోయినవాళ్ల చాదస్తాలను తలుచుకుని చుట్టాలు నవ్వుకోవడం, ఆ నవ్వుల మధ్యలోనే ఎవరో ఒకరు కొంగుతో కళ్లు తుడుచుకోవడం గుర్తుకొచ్చింది. నీ వ్యాసానికి కావలసింది అలాంటి గుర్తు.

రూపాన్ని కూడా పట్టించుకో. అరగంట సమయంలో ప్రకటనలు పోగా ఈ కామెడీలకు మిగిలేది సుమారు 22 నుంచి 25 నిమిషాలు. 1991లో ఎన్‌బీసీ చానెల్‌లో వచ్చిన 'సైన్‌ఫెల్డ్' ఎపిసోడ్ ఒకదానిలో ముగ్గురు స్నేహితులు చైనీస్ రెస్టారెంట్‌లో టేబుల్ కోసం ఎదురుచూసి, విసిగి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిన తరువాత పిలుపు వస్తుంది. చెప్పడానికి ఇంతకన్నా కథ లేదు, ఎపిసోడ్ మొత్తం ఆ నిరీక్షణే. కథ చెప్పే అలవాటు మానడానికి దీని మీద రాసి చూడటం మంచి సాధన.

చెవితో కూడా చూడు. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ'ని ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి మూడు కెమెరాలతో ఫిల్ముకెక్కించారు. వాళ్ల నవ్వు సద్దుమణిగే దాకా నటులు ఆగడం నీకు కనిపిస్తుంది. కొరియా యుద్ధంలోని సైనిక వైద్యుల కథ 'మ్యాష్'కు ముందుగా రికార్డు చేసిన నవ్వులు జోడించారు, కానీ ఆపరేషన్ గదిలోని దృశ్యాలకు మాత్రం వాటిని దూరంగా ఉంచారు. వైద్యులు అక్కడ కూడా హాస్యమాడుతూనే ఉంటారు. మనకు తోడుగా ఎవరూ నవ్వరు. ఆ నిశ్శబ్దంలో అదే హాస్యం, రక్తం మధ్య నిలబడటానికి వాళ్లు పట్టుకున్న ఆధారమని అర్థమవుతుంది. ఒక యుద్ధం గురించి ఇంత సూటిగా చెప్పిన కామెడీలు నేను చాలా తక్కువ చూశాను.

ఇంకొక మాట. ఒక బారులో నడిచే 'చీర్స్' 1982లో మొదలైనప్పుడు తొలి సీజన్‌ను చూసినవారు చాలా తక్కువ. అయినా ఎన్‌బీసీ దాన్ని కొనసాగించింది, అది 11 సీజన్లు నడిచింది. ఆనాటి ప్రేక్షకులు వారం వారం ఎదురుచూస్తూ ఆ బారులోని మనుషులతో పాటు వయసు పెంచుకున్నారు. నువ్వు వాటిని ఫోనులో వరుసగా, రాత్రిళ్లు చూశావు. వాళ్ల ఎదురుచూపును నీదిగా రాయకు. ఒక పాత్రకు పదేళ్ల వయసు నాలుగు వారాల్లో మీదపడటం చూసినప్పుడు నీకేమనిపించిందో రాయి. అది వాళ్లెవరూ చూడనిది.

నీ వ్యాసం చివర, పరీక్షలప్పుడు అక్కతో కలిసి ఒకే ఎపిసోడ్‌ను మళ్లీ మళ్లీ చూసేవాళ్లమని ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. మిగతా కథలన్నీ తీసేసి, ఆ ఎపిసోడ్ ఒక్కటే తీసుకో. అక్క ఎక్కడ నవ్వేది, నువ్వెక్కడ నవ్వేదానివి, ఇద్దరూ వేర్వేరు చోట్ల నవ్వితే ఎందుకో ఆలోచించి, మళ్లీ రాసి పంపు. చదవాలని ఎదురుచూస్తుంటాను.

శుభాశీస్సులతో.