ఏఐ వచ్చాక కన్సల్టింగ్‌లో గంటల లెక్క నడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పన్నెండేళ్లు తయారీ రంగంలో ఆపరేషన్స్ చూశారు, ఇప్పుడు సొంతంగా బిజినెస్ కన్సల్టింగ్ మొదలుపెట్టాలనుకుంటున్నారు. రిపోర్టులు ఏఐ రాసేస్తుంటే మనకి మిగిలే పనేంటి, ఫీజు గంటల లెక్కన అడగాలా, ఫలితాన్ని బట్టి అడగాలా?

రెండో దానికి జవాబు ముందే చెప్పేస్తాను. గంటల లెక్క వదిలేయండి. అలాగని ఫీజంతా ఫలితం మీద పెట్టి సంతకం చేయకండి.

పోటీ కంపెనీల వివరాలు పోగుచేయడం, ఇంటర్వ్యూ నోట్సు కుదించడం, స్లైడ్ల మొదటి డ్రాఫ్టు... వీటికి ఇదివరకు ఒక జూనియర్‌కి మూడు నాలుగు రోజులు పట్టేది. ఇప్పుడు ఏఐ టూల్‌తో ఒక పూటలో తేలిపోతుంది. గంటకింత అంటే ఎంత త్వరగా చేస్తే అంత తక్కువ వస్తుంది. పైగా అదే టూల్ క్లయింట్ దగ్గరా ఉంది. "ఈ స్లైడ్లకి నలభై గంటలా?" అని అడిగితే మన దగ్గర సమాధానం ఉండదు.

ఇలాంటి కుదుపు ఈ వృత్తికి కొత్తదేమీ కాదు. 1970లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ వ్యాపారాలన్నిటినీ నాలుగు గళ్లలో సర్ది చూపించినప్పుడు ఆ గళ్ల బొమ్మే ఖరీదైన సరుకు. ఇవాళ దాన్ని కాలేజీ పిల్లలు కూడా గీస్తారు. 2001లో లెక్కల మోసం బయటపడి అమెరికా కంపెనీ ఎన్రాన్ కూలిపోయి, 2002లో అమెరికా సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం తెచ్చాక, లిస్టెడ్ కంపెనీని ఆడిట్ చేసే సంస్థ అదే కంపెనీకి చాలా రకాల సలహా సేవలు అమ్మడానికి వీల్లేకుండా పోయింది. ఆడిట్ సంస్థ ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ కన్సల్టింగ్ విభాగాన్ని, కంప్యూటర్ సిస్టమ్‌లు అమర్చే ఐబీఎం కొన్నది కూడా ఆ ఏడాదే. సలహా చెప్పేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు అన్న గీత అప్పటికే చెరుగుతోంది. రిపోర్టు ఇచ్చి చెయ్యి దులుపుకునే రోజులు పోవడానికి ఏఐ ఒక్కటే కారణం కాదని చెప్పడానికే ఇదంతా.

ఇక మిగిలేదేంటి? 2023లో 758 మంది బీసీజీ (పైన చెప్పిన బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపే) కన్సల్టెంట్ల మీద ఒక పరిశోధన జరిగింది. జీపీటీ-4 అనే ఏఐకి నప్పే పనుల్లో, దాన్ని వాడినవాళ్లు సగటున 12 శాతం ఎక్కువ పనులు, 25 శాతం వేగంగా పూర్తిచేశారు. కానీ ఒక పని కావాలనే దాని పరిధి బయట పెట్టారు. అందులో టూల్ వాడినవాళ్లలో సరైన జవాబు చెప్పినవాళ్లు, వాడనివాళ్ల కంటే 19 శాతం పాయింట్లు తక్కువ. ఆ పనేంటో చూడండి: స్ప్రెడ్‌షీట్ అంకెలు ఒక మాట చెప్తుంటాయి, కంపెనీ మనుషుల ఇంటర్వ్యూలు ఇంకో మాట చెప్తుంటాయి, రెండూ కలిపి చదివితేగానీ అసలు సంగతి తెలీదు. మనం చేసే ఉద్యోగమే అది! పన్నెండేళ్లు షాప్ ఫ్లోర్ మీద తిరిగిన మనిషికి పనికొచ్చేదీ అక్కడే.

అందుకే మొదటి వారం ప్రజెంటేషన్లు అడగకండి, ముడి ఫైళ్లు అడగండి: 24 నెలల అమ్మకాల ఇన్‌వాయిస్ లైన్లు, కొనుగోలు ఆర్డర్లు, స్టాక్ లెడ్జర్, నెలవారీ ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వల పట్టిక). 12 నెలలే తీసుకుంటే ఏది సీజనో, ఏది నిజంగా తగ్గుదలో విడదీయలేరు. ఇన్‌వాయిస్ లైన్లు నెలనెలా కూడి ట్రయల్ బ్యాలెన్స్‌లో అమ్మకాల ఖాతాతో సరిచూడండి. తేడా ఒక శాతం దాటితే విశ్లేషణ అక్కడే ఆపి ముందు ఆ తేడా సంగతి తేల్చండి. మామూలుగా దొరికే దొంగలు వీళ్లే: రద్దు చేసిన ఇన్‌వాయిస్‌లు ఫైల్లోనే ఉండిపోవడం, క్రెడిట్ నోట్లు (సరుకు వాపసుకో, ధర తగ్గింపుకో ఇచ్చేవి) వేరే ఫైల్లో ఉండటం, ఒకచోట పన్నుతో కలిపి ఇంకోచోట పన్ను లేకుండా ధర వేయడం, శాఖల మధ్య సరుకు బదిలీని అమ్మకంగా రాయడం.

వీటన్నిటి కంటే మొండిది తేదీ. 03-04 అని ఉంటే ఒక సిస్టమ్ మార్చి 4 అంటుంది, ఇంకోటి ఏప్రిల్ 3 అంటుంది. డబ్బు మొత్తం మాత్రం సరిగ్గానే వస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నెలవారీ గ్రాఫు ఒక్కటే తప్పు కథ చెప్తుంది. ఎక్సెల్‌లో తేదీల కాలమ్ వెడల్పు చేసి చూడండి. కొన్ని కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి అంటుకుని ఉంటే అదే గుర్తు. రోజు అంకె 12 దాటినవాటిని నెలగా చదవలేక ఎక్సెల్ ఉత్త టెక్స్ట్‌గా వదిలేసింది, 12 లోపువాటిని చప్పుడు లేకుండా తిప్పేసింది. ఈ ఫైలుని శుభ్రం చేయకుండా ఏఐకి ఇస్తే, ఆ తప్పు మీదే చక్కని మూడు పేరాల విశ్లేషణ రాసిస్తుంది.

ఇప్పుడు ఫీజు. పనిని మూడు ముక్కలు చేయండి. సమస్య ఏంటో తేల్చడానికి మూడు నాలుగు వారాలు, దానికి స్థిరమైన మొత్తం, సగం ముందే. అమలుకి నెలకింత. చివరిది ఫలితం వాటా. అది మొత్తం ఫీజులో 20 నుంచి 30 శాతం దాటనివ్వకండి. ఇది నా అంచనాయే, ఎక్కడా రూలు లేదు. కానీ అంతకు మించితే క్లయింట్ నిర్ణయాల ఆలస్యానికి మీ జీతం కట్టాల్సి వస్తుంది.

ఫలితం వాటాలో గొడవ ఎప్పుడూ బేస్‌లైన్ దగ్గరే, అంటే ఆదాని ఏ పాత అంకెతో పోల్చి లెక్కించాలన్న దగ్గరే. ఒక ముడిసరుకు కొనుగోలు ఖర్చు తగ్గించడం మీ పని అనుకోండి. గత 12 నెలల సగటు టన్నుకి 100, ఏడాదికి 1,000 టన్నులు. మీరు పనిచేశాక ధర 92కి దిగింది. మీ లెక్కలో ఆదా 8,000, అందులో 20 శాతం మీ వాటా, అంటే 1,600. అప్పుడు కొనుగోళ్ల మేనేజర్ లేచి, అదే కాలంలో మార్కెట్ ధరే 5 శాతం పడిందంటాడు. నిజమే అయితే మీ వల్ల తగ్గింది 3 మాత్రమే. ఆపైన ఈ ఏడాది కొన్నది 800 టన్నులే. ఆదా 2,400, మీ వాటా 480. ఎక్కడి 1,600, ఎక్కడి 480! మార్కెట్ తిరగబడితే నష్టం ఇంకో రకం: ధర 10 శాతం పెరిగిన ఏడాది మీరు 104కి కొనిపిస్తే టన్నుకి 6 మిగిల్చినట్టే, కానీ కాగితం మీద ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది.

కాబట్టి కాంట్రాక్టులో "ఆదాలో 20 శాతం" అన్న ఒక్క ముక్క రాస్తే చాలదు. పాత ధరని ఇండెక్స్ (ఆ సరుకు మార్కెట్ ధరల సూచీ) మార్పుతో సర్ది, అందులోంచి చెల్లించిన ధర తీసేసి, నిజంగా కొన్న పరిమాణంతో గుణించాలని సూత్రంగా రాయండి. ఏ ఇండెక్స్, ఏ రోజు ప్రకటించిన అంకె, రవాణా కలిపా కలపకుండానా, సరుకు గ్రేడు ఏది, అన్నీ అందులోనే ఉండాలి. సప్లయర్‌కి చెల్లింపు గడువు కూడా రాయండి. 60 రోజుల అప్పుని 30కి కుదిస్తే సప్లయర్ ధర తగ్గిస్తాడు, ఆ తగ్గుదల మీ గొప్ప కాదు, కంపెనీ నగదు ఖర్చయింది. లెక్క చేసేది క్లయింట్ ఫైనాన్స్ విభాగం, సరిచూసేది మీరు. బేస్‌లైన్ షీటు మీద పని మొదలయ్యే ముందే ఇద్దరి సంతకాలూ పడాలి. మొదలయ్యాక ఎవరూ పెట్టరు.

స్టాక్ తగ్గింపు పనైతే నెలాఖరు అంకె నమ్మకండి. చివరి వారం సరుకు దింపుకోకుండా గేటు బయట లారీలు ఆపితే ఎంత స్టాకైనా తగ్గినట్టే ఉంటుంది. వారంవారం ముగింపు నిల్వల సగటు తీసుకోండి. అమ్మకాలు పెంచే పనికి మాత్రం ఫలితం వాటా అస్సలు ఒప్పుకోకండి. అమ్మకం పెరగడానికి సవాలక్ష కారణాలుంటాయి, అందులో మీ వంతు ఎంతో ఎవరూ తేల్చలేరు.

టీమ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒక మేనేజర్ కింద ముగ్గురు నలుగురు జూనియర్లని పెట్టి వాళ్ల గంటలు అమ్మే పద్ధతి సన్నబడుతోంది. ఒక అనుభవజ్ఞుడు, డేటా తెలిసిన ఒక మనిషి, అవసరమైన నెలకి తెచ్చుకునే నిపుణుడు ఉంటే మీ స్థాయి పనికి చాలు. జూనియర్‌ని పెట్టుకుంటే మాత్రం మొదటి రెండు ఎక్సెల్ లెక్కల మోడళ్లు ఏఐ లేకుండా చేయించండి. ఏ సెల్ ఎందుకలా ఉందో తెలియని మనిషి టూల్ చేసిన తప్పుని పట్టుకోలేడు.

చివరిగా, రిపోర్టులో ప్రతి అంకె పక్కనా అది ఏ ఫైలు, ఏ షీటు, ఏ సెల్ నుంచి వచ్చిందో రాసిన ఒక అనుబంధ పట్టిక పెట్టుకోండి. బయటి ఆధారాన్ని ఉదహరిస్తే ఆ పత్రాన్ని మీరే తెరిచి ఆ వాక్యం అక్కడ ఉందో లేదో చూడండి. 2025లో ఒక పేరున్న సంస్థ ఆస్ట్రేలియా ప్రభుత్వానికిచ్చిన రిపోర్టులో లేని పరిశోధనలు ఉదహరించినట్టు బయటపడి, ఫీజులో కొంత వెనక్కివ్వాల్సి వచ్చింది. క్లయింట్ ఫైళ్లు ఏ టూల్‌లో పెడతారో, ఆ టూల్ వాటితో శిక్షణ పొందకుండా ఏ సెట్టింగ్ పెట్టారో, పని అయ్యాక ఎన్నాళ్లకి చెరిపేస్తారో కూడా కాంట్రాక్టులోనే రాయండి. క్లయింట్ లీగల్ విభాగం ఎలాగూ అడుగుతుంది, మీరే ముందు రాసి పంపితే సంతకం రెండు వారాలు ముందు పడుతుంది.