లాభం పంచకపోయినా కుష్నర్ ఫండ్‌కి ఆదాయం ఎక్కడిది?

ట్రంప్ అల్లుడు జారెడ్ కుష్నర్ పెట్టుబడుల కంపెనీ అఫినిటీ పార్ట్‌నర్స్‌కి సౌదీ 200 కోట్ల డాలర్లు ఇచ్చింది, ఏళ్ళు గడిచినా లాభం రాలేదు, మరి కంపెనీ ఎలా నడుస్తోంది అన్నది కదా మీ ప్రశ్న.

"ఇచ్చింది" అన్న మాట దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. ఇలాంటి ఫండ్లలో ఇన్వెస్టర్ ముందు కమిట్‌మెంట్, అంటే అడిగినప్పుడు ఇంతవరకు ఇస్తానన్న హామీ, రాసిస్తాడు, అంతే. ఫండ్ ఏదైనా కొనేటప్పుడు డబ్బు పంపమని క్యాపిటల్ కాల్ నోటీసు పంపుతుంది, గడువులోగా ఆ మేరకు డబ్బు జమ చేయాలి. మిగతాది ఇన్వెస్టర్ దగ్గరే ఉంటుంది. ఫండ్‌ని నడిపినందుకు ఇన్వెస్టర్లు కట్టే ఫీజు సంగతి మాత్రం వేరు. పెట్టుబడి కాలమంతా, అంటే సాధారణంగా మొదటి ఐదేళ్ళు, కమిట్‌మెంట్ మొత్తం మీదే ఫీజు కడతారు. ఒక్క షేరు కొనకపోయినా సరే.

ఇక లెక్క చూడండి. సౌదీ సార్వభౌమ నిధి పీఐఎఫ్‌తో ఒప్పుకున్న ఫీజు ఏడాదికి 1.25 శాతం. 200 కోట్ల మీద అది రెండున్నర కోట్ల డాలర్లు. 2021 నుంచి 2024 మధ్య వరకు విదేశీ ఇన్వెస్టర్ల నుంచి 15.7 కోట్ల డాలర్ల ఫీజు వచ్చిందని, అందులో 8.7 కోట్లు సౌదీవేనని, తిరిగి పంచిన లాభం ఏమీ లేదని అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టారు. 8.7ని 2.5తో భాగిస్తే దాదాపు మూడున్నరేళ్ళ ఫీజు. కమిట్‌మెంట్ మీదే వసూలు చేశారనడానికి నాకు ఈ భాగహారం చాలు. నిజానికి 1.25 శాతం రేటు ఎక్కువేం కాదు, మార్కెట్లో 2 శాతం మామూలే. విడ్డూరమంతా అనుభవం లేని మేనేజర్‌కి అంత పెద్ద కమిట్‌మెంట్ దొరకడంలో ఉంది. 2021 జూన్ 30న పీఐఎఫ్ సొంత పరిశీలన కమిటీయే వద్దంది: అనుభవం లేదు, డ్యూ డిలిజెన్స్ (కంపెనీ గురించి ముందస్తు పరిశీలన) అన్ని విధాలా అసంతృప్తికరం, ఫీజు ఎక్కువ, రిస్కులో సింహభాగం మనదే అని. యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ అధ్యక్షుడిగా ఉన్న బోర్డు దాన్ని తోసిపుచ్చింది. ఇవన్నీ 2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ ద్వారా బయటికొచ్చాయి. తర్వాత ఖతార్ నిధి, అబుదాబి పెట్టుబడుల సంస్థ లునేట్ కలిసి మరో 150 కోట్లు కలిపాయి.

మీరే చూసుకోవాలంటే అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి అడ్వైజర్ డిస్‌క్లోజర్ సైటులో ఫారం ఏడీవీ (పెట్టుబడుల సంస్థలు తమ వివరాలు ఇచ్చే పత్రం) ఉచితంగా దొరుకుతుంది. అఫినిటీ అని వెతికితే వేరే కంపెనీలు తగులుతాయి. రిజిస్టర్ చేసిన పేరు ఎ ఫిన్ మేనేజ్‌మెంట్ ఎల్‌ఎల్‌సీ. నేరుగా షెడ్యూల్ డిలో 7.బి.(1)కి వెళ్ళండి. ఒక్కో ఫండ్‌కి 11వ ప్రశ్నలో మొత్తం ఆస్తి విలువ, 13లో ఎంతమంది యజమానులు, 16లో అమెరికాయేతరుల వాటా శాతం ఉంటాయి. పేర్లు ఉండవు. "సౌదీ" అని ఎక్కడా కనబడదు, శాతాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. ఐటమ్ 5.ఎఫ్‌లో, కంపెనీ నిర్వహిస్తున్న మొత్తం ఆస్తుల అంకె చూసి "ఇంత పెట్టుబడి పెట్టేశారు" అని రాసే పొరపాటు పత్రికల్లోనూ కనిపిస్తుంది. ఇంకా నోటీసు పంపి రప్పించుకోని కమిట్‌మెంట్ కూడా అందులోనే కలిసి ఉంటుంది.

విదేశీ ప్రభుత్వ డబ్బుకి అమెరికా అడ్డు చెప్పదా అంటే, విదేశీ పెట్టుబడులతో దేశ భద్రతకి ముప్పుందా అని పరిశీలించే సీఎఫ్‌ఐయూఎస్ కమిటీ చూసేది డబ్బు ఎవరిదన్నది ఒక్కటే కాదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నది కూడా. ఫండ్‌ని నడిపే జనరల్ పార్ట్‌నర్ అమెరికన్ అయి, విదేశీ ఇన్వెస్టర్‌కి నిర్ణయాల్లో పట్టు, రహస్య సాంకేతిక సమాచారం అందకపోతే 2018 చట్టంలో మినహాయింపు దొరుకుతుంది. అదే పీఐఎఫ్ తానే కొనుగోలుదారుగా దిగితే ఈ దారి మూసుకుపోతుంది. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన 5,500 కోట్ల డాలర్ల ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (వీడియో గేమ్‌ల కంపెనీ) కొనుగోలు అలాంటిదే: అఫినిటీ, అమెరికా పెట్టుబడుల సంస్థ సిల్వర్ లేక్ పక్కన పీఐఎఫ్ సొంత పేరుతోనే ఉంది.