ఉప్పునీళ్లలో డీజిల్ కొలవబోయే మేనల్లుడికి

అల్లుడూ,

ఇస్కపల్లి పక్క రొయ్యల గుంటలో ఇంజిను డీజిల్ కారిందనీ, శాంపిల్ నువ్వే తీయాలనీ మీ అమ్మ చెప్పింది. ఉప్పునీళ్లలో నూనె కరగదులే సార్ అన్నాడంట రైతు. ఆయన మాట సగం నిజం.

ఉప్పు కరిగినాక సోడియం, క్లోరైడ్ అయాన్లు చుట్టూ ఉన్న నీటి అణువుల్ని తమ వైపు లాగి పట్టుకుంటాయి. డీజిల్‌లో ఉండే బెంజీన్ లాంటివాటికి చోటిచ్చే నీళ్లు తగ్గిపోతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో 1.8 గ్రాముల దాకా కరిగే బెంజీన్, సముద్రపు నీళ్లలో దాదాపు నాలుగో వంతు తక్కువ కరుగుద్ది. ఉప్పు మడిలో పూత కట్టబోయే నీళ్లలోనయితే పదో వంతు దగ్గరికి పడిపోద్ది. ఉప్పు సమంగా పెరిగే కొద్దీ ద్రావణీయత లాగరిథమ్ సమంగా దిగుద్దని 1889లో లెక్క కట్టినాయన సెచెనోవ్. రష్యాలో శరీరధర్మ శాస్త్రవేత్త. ఆయన పట్టుకున్నది బొగ్గుపులుసు వాయువుని, నూనెల్ని కాదు. అయినా లెక్క మనకూ పనికొచ్చింది.

కరగనిది మాయమైపోదు కదా. కొంత గాలిలోకి పోద్ది, కొంత పైన పొరగా తేలుద్ది, కొంత అడుగు బురదకి అంటుకుంటది. కార్తీకంలో వానలు పడి గుంటలో ఉప్పు తగ్గిందనుకో, అదే పొర, అదే బురద నుంచి నీళ్లలోకి ఇంకాస్త దిగుద్ది. అందుకే ఉప్పు ఎంతో రాయని డీజిల్ అంకెని నేను నమ్మను. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ రైతు దగ్గరే ఉంటది, అడుగు.

శాంపిల్‌కి గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత. ప్లాస్టిక్ వద్దు, నూనె దాని గోడకే అంటుకుంటది. మూత పెట్టే నీళ్లలో ముంచి, నూనె పొర కిందికి పోయినాక తెరువు. బుడగ లేకుండా నోటిదాకా నింపి ఐసు పెట్టెలో పెట్టుకో.

ఇంక అసలు సంగతి. ల్యాబులో శాంపిల్‌ని కొంత వేరే సీసాలో పోసి మూసి, నీళ్ల పైనున్న గాలిని యంత్రంలోకి ఎక్కించి కొలిచే పద్ధతిలో కుర్రతనంలో నేనొక తప్పు చేశా. స్టాండర్డ్లు, అంటే పోల్చుకోడానికి తెలిసినంత బెంజీన్ వేసిన నీళ్లు, డిస్టిల్డ్ నీళ్లలో కలిపా, శాంపిల్ మాత్రం ఉప్పుది. ఉప్పు బెంజీన్‌ని పైగాలిలోకి నెట్టుద్ది గదా, ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. అప్పటి రైతు వారం రోజులు నిద్రపోలేదు. నాకైతే ఇప్పటికీ సిగ్గే.

స్టాండర్డ్లని అంతే ఉప్పున్న నీళ్లలో చెయ్యి. లేదంటే రెండింట్లోనూ ఇంక కరగనంత ఉప్పు వెయ్యి. నాకు రెండోదే ఇష్టం, తేడా పోద్ది, సిగ్నలూ పెరుగుద్ది. మన కొటారు ఉప్పు మాత్రం వాడబాకు. ల్యాబ్ ఉప్పుని కూడా మఫుల్ ఫర్నేసు అనే ల్యాబు కొలిమిలో 400 డిగ్రీలకు పైన, అంటుకున్న మలినాలు పోయేలా కాల్చి, చల్లారినాక వాడు. దాంతోనే ఒక బ్లాంకు, అంటే డీజిల్ లేని నీళ్ల పరీక్ష, కూడా నడుపు.

నా దగ్గర గాజు సీసాలు ఆరు ఉండాయి. ఆదివారం వచ్చి పట్టుకుపో.

మీ మామ