అమ్మమ్మకొచ్చిన జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి న్యూరోసైన్స్‌లో ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతోంది. మా అమ్మ ఆరేళ్లు డిమెన్షియాతో బాధపడి పోయింది. అమ్మాయే దగ్గరుండి చూసుకుంది. ఇప్పుడు ఆ జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మందే లేని జబ్బు మీద ఐదారేళ్లు పెడితే ఏం మిగులుతుంది? ఏఐ వైపు వెళ్లమంటున్నాం. మెదడు స్కాన్ల మీద ఏఐ చేస్తే రెండూ కలిసొస్తాయి కదా? ఏది మేలో పోల్చి చెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం ఉంది, మీ అమ్మాయి మాట మాత్రం ఒక్కటీ లేదు. ఏ విషయం మీద పని చేయాలనుకుంటోంది? ఎవరి దగ్గర చేరాలనుకుంటోంది? ఈ రెండూ అడగకుండానే ఏఐలో చేరమని చెప్పేశారు. ఆరేళ్లు అమ్మమ్మకు అన్నం తినిపించిన పిల్ల తెలియక అడుగుతోందని ఎలా అనుకున్నారు?

మందు లేదన్న మాట పూర్తిగా తప్పేం కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం ఆల్జైమర్స్. ఆలోయిస్ ఆల్జైమర్ అనే జర్మన్ వైద్యుడు దాని గురించి తోటి వైద్యులకు చెప్పింది 1906లో. ఈ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగించే లెకానెమాబ్ అనే మందుకు అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది 2023లో. అదీ జబ్బును నయం చేయదు. తొలి దశలో ఉన్నవాళ్లలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుంది, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయి. దానికి ముందు 2021లో అనుమతి పొందిన అడుకానుమాబ్ అనే మందును తయారీ సంస్థే 2024లో మానేసింది. ఇవన్నీ మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి. తెలిసీ వెళ్తానంటోంది.

ఒక మందు పరీక్షలో ఓడిపోతే దాని మీద పని చేసినవాళ్ల జీవితం వృథా అయినట్టు కాదు. ఎందుకు ఓడిందో తేల్చేదీ వాళ్లే. పైగా ఈ రంగమంటే మందులొక్కటే కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియా ముప్పును పెంచే 14 కారణాలు గుర్తించింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, బీపీ, ఒంటరితనం లాంటివి. వాటిని జీవితాంతం అదుపు చేయగలిగితే సుమారు 45 శాతం డిమెన్షియాను తప్పించడమో, వాయిదా వేయడమో కుదరొచ్చని అంచనా వేసింది. అంటే గణాంకాలు తెలిసినవాళ్లకు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లకు, నర్సింగ్ వాళ్లకు కూడా ఇక్కడ పనుంది. రక్తపరీక్షతో ఆల్జైమర్స్‌ను పసిగట్టే విధానానికి 2025లో అమెరికాలో అనుమతి దొరికాక ల్యాబ్‌ల బయట కూడా అవకాశాలు పెరుగుతున్నాయి.

ఇక మీ ఏఐ సంగతి. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య నాకొచ్చే ప్రతి రెండో ఉత్తరంలో ఇదే ఉంటోంది. ఏఐ అంటే నాకు వ్యతిరేకత లేదు. కానీ 'స్కాన్ చూసి ఆల్జైమర్స్ కనిపెట్టే మోడల్' అనే ప్రాజెక్టులంటే నాకు అనుమానం. ఒక మనిషి ఎమ్మారై అంటే వందకు పైగా పొరల బొమ్మలు. చాలా చోట్ల అందరి బొమ్మలూ ఒకచోట కలిపేసి కొన్నింటితో కంప్యూటర్‌కు నేర్పుతారు, మిగతావాటితో పరీక్ష పెడతారు. ఒకే మనిషి పొరలు రెండు వైపులా పడతాయి. అప్పుడు కంప్యూటర్ గుర్తుపట్టేది జబ్బును కాదు, ఆ మనిషి తలను. ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్ష అది. అలాంటి పేపర్లను 2020లో పరిశీలిస్తే సగానికి పైగా వాటిలో ఈ లోపం ఉండి ఉండొచ్చని తేలింది. పైగా చాలామంది వాడేది 2004లో మొదలైన ఒకే అమెరికా డేటాను. అందులో ఎక్కువమంది బాగా చదువుకున్న తెల్లజాతివాళ్లు. 98 శాతం కచ్చితత్వం అని రెజ్యూమెలో రాసుకున్న పిల్లల్ని 'ఈ రోగి గురించి చెప్పు' అంటే నోరు పెగలకపోవడం నేను చూశాను.

ఇంకో విద్యార్థి సంగతి చెప్తాను. ఎలుకల మీద పని చేసేవాడు. గైడు పంపితే ఒకరోజు మతిమరుపుతో వచ్చేవాళ్లను పరీక్షించే మెమరీ క్లినిక్‌లో ఓ మూల కూర్చున్నాడు. ఒక పెద్దాయన్ని గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. ఆయన గుండ్రంగా గీసి, అంకెలన్నీ సరిగ్గానే వేసి, ఒక ముల్లు పదకొండు మీద, రెండోది పది మీద పెట్టారు. రెండు మీద ఉండాల్సింది, 'పది' అన్న మాట విని అక్కడే పెట్టేశారు. పక్కనున్న భార్య చెయ్యి కాగితం వైపు వెళ్లి ఆగిపోయింది. ఆ కుర్రాడు బయటికొచ్చి, బడి మొహమే చూడనివాళ్లకు ఈ పరీక్ష ఎలా పెడతారని అడిగాడు. గడియారం గీయలేకపోవడం జబ్బు వల్లా, పెన్సిల్ పట్టడం అలవాటు లేక? అతని థీసిస్ చివరికి దాని మీదే సాగింది. కోడింగ్ కూడా దానికి కావాల్సినంత తర్వాత నేర్చుకున్నాడు.

మీ అమ్మాయికి ఆ మూల కుర్చీ ఆరేళ్ల కిందటే దొరికింది.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి: ఏఐ వైపు ఉద్యోగం త్వరగా వస్తుంది, పీహెచ్‌డీకి ఓపిక కావాలి. పీహెచ్‌డీ చేసిన అందరికీ ప్రొఫెసర్ పోస్టులు రావు. క్లినికల్ ట్రయల్స్, డయాగ్నస్టిక్ కంపెనీలు, గణాంకాల విభాగాలు, ఆరోగ్య విధానాల వైపు వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి గణాంకాలు, కాస్త ప్రోగ్రామింగ్ ఎలాగూ నేర్చుకోమనండి. చేరే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో విడిగా మాట్లాడమనండి. ఇదివరకు చేసినవాళ్లు ఎన్నేళ్లలో పూర్తి చేశారు, ఇప్పుడెక్కడున్నారు, ఒక ప్రయోగం ఫలించకపోతే గైడు ఎలా ప్రవర్తిస్తారు, రోగుల్ని కలిసే అవకాశం ఉందా అని అడగాలి. మంచి టాపిక్ ఇచ్చి పలకరించని గైడు కన్నా, మామూలు టాపిక్ ఇచ్చి వారం వారం కూర్చుని మాట్లాడే గైడు మేలు.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటుంది. అమ్మకొచ్చింది కదా, నాకూ వస్తుందేమో, నా కూతురు రోజూ దాని గురించే చదువుతూ నన్ను అలా చూస్తుందేమో అన్న భయం. అలా ఉంటే తప్పేం లేదమ్మా, చాలామంది కూతుళ్లకు ఉంటుంది. తల్లి నుంచి ఖాయంగా వచ్చే రకం చాలా అరుదు, అది ఎక్కువగా అరవై ఐదేళ్ల లోపే మొదలవుతుంది. మిగతా వాటిలో జన్యువులు ముప్పును పెంచొచ్చు, రాత రాసేయవు. మీ అమ్మగారికి ఏ వయసులో మొదలైందో డాక్టరుకు చెప్పి మాట్లాడండి, మనసు తేలికపడుతుంది. ఈ టెన్షన్ మోయలేక అమ్మాయి దారి మళ్లించకండి.

ఈ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మమ్మలో మొదట ఏ మార్పు గమనించావని అడగండి. మధ్యలో ఏఐ మాట ఎత్తకండి. ఆమె చెప్పిందాంట్లో మీకు అర్థం కానిది ఏదైనా ఉంటే అప్పుడు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం మీ అమ్మాయి చేత రాయించండి.