ఆ 'కాసేపటికి' గురించి

బ్రాడీపేట, గుంటూరు

బాబూ,

పొలం సర్వే మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మీ అమ్మమ్మ గట్టు మీద గొడుగేసుకుని నిలబడటం, సర్వేయరు ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే రోవర్ కర్రను హద్దురాయి మీద నిలిపి స్క్రీన్ వంక చూడటం బాగుంది. ఆ తర్వాతి వాక్యమే కోపం తెప్పించింది. "కాసేపటికి అత్యాధునిక సాంకేతికతతో హద్దు తేలింది." ఆ కాసేపట్లో ఏం జరిగింది? అసలు సంగతంతా అక్కడే ఉంటే నువ్వు దాటేశావు!

ఫోను మామూలుగా ఉపగ్రహం పంపే కోడ్‌ని బట్టి దూరం లెక్కేస్తుంది. జీపీఎస్ పౌర కోడ్‌లో ఒక్కో ముక్క పొడవు దాదాపు 293 మీటర్లు. అందుకే మీటర్లలో తేడా వస్తుంది. రోవర్ ఆ కోడ్‌ని మోసుకొచ్చే అలనే కొలుస్తుంది. ఎల్1 అనే ఆ అల పొడవు 19 సెంటీమీటర్లే. అందులో నూరో వంతు పట్టుకున్నా రెండు మిల్లీమీటర్లు. చిక్కేమిటంటే అలలన్నీ ఒకేలా ఉంటాయి. చివరి అలలో ఎంత ముక్క వచ్చిందో తెలుస్తుంది. 20,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం దాకా మొత్తం ఎన్ని అలలో తెలియదు.

చిన్నప్పుడు మా పొలం కొలిచిన రోజు గొలుసు కొస నేనే పట్టుకున్నాను. ఆఖరి గొలుసులో ఎన్ని లింకులో సర్వేయరు ఇట్టే చెప్పాడు. అంతకుముందు ఎన్ని గొలుసులు లాగామో మాత్రం మాటల్లో పడి మర్చిపోయాను. మళ్ళీ మొదటి రాయి దగ్గర్నుంచి కొలిచాం. నాన్న ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ. చెట్టు అడ్డొచ్చి సిగ్నల్ తెగితే రోవర్‌కీ ఇదే గతి. లెక్క తప్పుతుంది.

ఆ లెక్క కోసమే ఎదురుచూపు. తెలిసిన చోట పెట్టిన బేస్ అనే రెండో రిసీవర్ కూడా అవే ఉపగ్రహాలను వింటుంది. రెండు చోట్ల కొలతల్లోంచి ఉమ్మడి తప్పులు తీసేస్తే ఉపగ్రహాల గడియారాల తేడాలు పోతాయి. బేస్ దగ్గర్లో ఉంటే అయనోస్ఫియర్ అనే పై వాతావరణ పొర చేసే అల్లరీ చాలావరకు పోతుంది. ఇక అలల లెక్క పూర్ణాంకంగా తేలాలి. భిన్నంగా ఊగుతున్నంతసేపూ స్క్రీన్ మీద 'ఫ్లోట్', పూర్ణాంకం ఖాయమయ్యాక 'ఫిక్స్'.

ఇలాంటి పేరానే నేనొకసారి రాస్తే ఒక ఎడిటరు "పాఠకుడికి ఇదంతా ఎందుకండీ" అని కోసేసి, ఆ జాగాలో ఉపగ్రహం బొమ్మ పెద్దది చేసి వేశాడు. ఆ సంచిక ఇప్పటికీ తెరవలేను. గొలుసు లెక్క తెలిసిన రైతుకి, తన గట్టు ఎటు జరుగుతుందోనని టెన్షన్ పడేవాడికి ఇది ఎక్కదా? 'మీకు తెలుసా' అని మొదలెట్టడం ఇప్పటి ఫ్యాషన్. నీ వ్యాసంలో మూడుచోట్ల ఉంది, తీసెయ్యి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు పొలానికి వెళ్ళు. తాటిచెట్ల పక్క రాయి దగ్గర ఆలస్యమైందన్నావు కదా, అక్కడ ఎన్నిసార్లు ఫ్లోట్‌కి పడిపోయిందో ఆ సర్వేయర్ని అడుగు. అంతసేపూ మీ అమ్మమ్మ ఏమనుకుంటూ నిలబడిందో ఆవిణ్ణి అడుగు. ఆ పేరా ఒక్కటీ రాసి పంపు.

ఆశీస్సులతో.