టెక్ సందేహాలు: కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది, కార్డు ఉండదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవచ్చా అని. నాలుగూ మన నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చినవే. అందుకే వాట్సాప్ బ్యాకప్ సందేహాలను వచ్చే వారానికి నెట్టేసి, ఈసారి వీటికే కూర్చున్నాను.

మిర్యాలగూడ నుంచి ఒక స్టూడియో యజమాని ఇలా రాశారు: "పెళ్లి వీడియోల మిక్సింగ్ ఇంతకాలం బయట ఇచ్చేవాళ్లం. ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. ల్యాప్‌టాప్ ఐ5 1135జీ7, ర్యామ్ 8 జీబీ. కొత్త కెమెరాతో 4కేలో తీసిన క్లిప్పులు ప్రీమియర్‌లో వేస్తే ముక్కలు ముక్కలుగా ఆడుతున్నాయి. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి సిస్టమ్ బిగుసుకుపోతోంది. టైప్-సి పోర్టుకు ఒక డబ్బా పెట్టి, అందులో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. తీసుకోమంటారా?"

ఇప్పుడే తీసుకోకండి అన్నా. ముందు మీ కెమెరా మెనూ తెరిచి, రికార్డింగ్ ఫార్మాట్ దగ్గర 4:2:2 10 బిట్ అని ఉందేమో చూడండి. రంగుల వివరాలు ఎక్కువగా దాచే పద్ధతి అది. కొత్త కెమెరా అంటున్నారు కాబట్టి అదే అయి ఉంటుందని నా అనుమానం. హెచ్.265 (వీడియోను చిన్న ఫైలుగా కుదించే పద్ధతి)లో 4:2:2తో తీసిన క్లిప్పును విప్పి చూపించే హార్డ్‌వేర్ 3060లో లేదు. ఎన్‌విడియా ఆ సదుపాయం ఇచ్చింది 50 సిరీస్ కార్డుల నుంచే. తమాషా ఏమిటంటే, మీరు పనికిరాదనుకుంటున్న ఆ ఇంటెల్ ప్రాసెసర్‌లోనే అది ఉంది. 11వ తరం ఇంటెల్ చిప్పుల లోపలి గ్రాఫిక్స్ ఈ ఫార్మాట్‌ను చక్కగా విప్పుతుంది. అంటే మీరు డబ్బులు పోసి కార్డు తెచ్చినా టైమ్‌లైన్ మీద తలంబ్రాలు అలాగే ఆగి ఆగి పడతాయి. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్ ఉందో లేదో చూసుకోండి.

రెండోది ర్యామ్. 4కే ఎడిటింగ్‌కు ప్రీమియర్ తయారుచేసే అడోబీ 32 జీబీ పెట్టుకోమంటుంది. మీ దగ్గర ఉన్నది 8. విండోస్, క్రోమ్ కలిసి అందులో సగం తినేస్తాయి. ఒకసారి డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ ఐరిస్ ఎక్స్‌ఈ అని కాకుండా యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనబడితే, మీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉన్నట్టు లెక్క. ఆ ప్రాసెసర్‌కు రెండు చానెళ్లలో ర్యామ్ ఉంటేనే ఐరిస్ ఎక్స్‌ఈ పేరు వస్తుంది, వేగమూ అప్పుడే వస్తుంది. ఖాళీ స్లాట్‌లో ఇంకో స్టిక్ పడగానే ఆ పేరే మారిపోతుంది. బోర్డు మీదే ర్యామ్ అతికించేసిన మోడల్ అయితే మాత్రం ఆ దారి లేదు. వెనుక మూత తీసి చూపించుకోండి, ఐదు నిమిషాల పని.

ఈలోగా ప్రాక్సీలు చేసుకోండి. రాత్రి పడుకునే ముందు క్లిప్పులన్నీ ఎంచుకుని క్రియేట్ ప్రాక్సీస్ కొట్టి వదిలేస్తే, పొద్దున్నకు చిన్న సైజు కాపీలు తయారై ఉంటాయి. కటింగ్ అంతా వాటి మీద నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మరి కార్డు ఎక్కడా పనికిరాదా అంటే, వస్తుంది. రాత్రి బారాత్ క్లిప్పుల్లో నాయిస్ తీయడం, కలర్ గ్రేడింగ్, బ్లర్, డావిన్సీ రిజాల్వ్‌లో పని, బ్లెండర్‌లో టైటిల్స్ రెండర్ చేయడం, ఇవన్నీ కార్డు మీద పడతాయి. అక్కడ తేడా కళ్లకు కడుతుంది. మీ పని అందులో ఎక్కువుంటే అప్పుడు పోర్టు సంగతి చూద్దాం.

టైప్-సి అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. పైకి ఒకే ఆకారం, లోపల రకరకాలు. బయటి గ్రాఫిక్స్ కార్డుకు కావలసింది పీసీఐ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్, అంటే కార్డు, ప్రాసెసర్ మాట్లాడుకునే దారి. దాన్ని మోసేది థండర్‌బోల్ట్ 3, 4, 5 పోర్టులు, కొన్ని యూఎస్‌బీ 4 పోర్టులు. టార్చి వేసి పోర్టు పక్కన చూడండి. మెరుపు గుర్తు ఉండి, దాని కింది కొన బాణంలా ముగిస్తే అది థండర్‌బోల్ట్. బ్యాటరీ బొమ్మలో మెరుపు ఉంటే అది ఛార్జింగ్ గుర్తు మాత్రమే. డి, పి అక్షరాలు కలిసినట్టు ఉంటే టీవీకో మానిటర్‌కో బొమ్మ పంపే పోర్టు. మీ 1135జీ7 చిప్‌లో థండర్‌బోల్ట్ 4 ఉంది కానీ, ల్యాప్‌టాప్ కంపెనీ దాన్ని పోర్టు దాకా తెచ్చిందా లేదా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. గుర్తు లేకపోతే మోడల్ నంబర్ కొట్టి కంపెనీ పేజీలో స్పెసిఫికేషన్లు చూడండి. అమ్మేవాళ్ల మాట మీద వద్దు.

పోర్టు ఉన్నా, కార్డు పూర్తి బలం ల్యాప్‌టాప్‌కు చేరదు. మీరు ఎడమ కాలువ కింద ఉన్నవాళ్లే కాబట్టి చెప్పడం తేలిక. సాగర్ నిండా నీళ్లున్నా మీ పొలానికి వచ్చేది తూము ఎంత ఉంటే అంతే. డెస్క్‌టాప్‌లో 16 లేన్ల (డేటా నడిచే దారుల) పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 స్లాట్ సెకనుకు సుమారు 32 జీబీ ఒక్కో దిక్కుకు పంపగలదు. థండర్‌బోల్ట్ 3, 4 కేబుల్ మీద 40 గిగాబిట్లు అని రాసి ఉన్నా, అందులో పీసీఐ వాటా 32 గిగాబిట్లు, అంటే ఎనిమిది బిట్లకు ఒక బైటు లెక్కన సెకనుకు 4 జీబీ. ఆచరణలో చేతికొచ్చేది 3 జీబీ లోపే. అలాగని కార్డు పదో వంతుకు పడిపోదు, ఎందుకంటే అది ఎప్పుడూ అంత దారినీ వాడుకోదు. గేముల్లో దెబ్బ బాగా తెలుస్తుంది. రెండరింగ్‌లో సీన్ మొత్తం ఒకసారి కార్డు మెమరీలోకి ఎక్కి, ఆ తర్వాత పని అంతా అక్కడే జరుగుతుంది కాబట్టి తక్కువ తెలుస్తుంది. ల్యాప్‌టాప్ తెర మీదే చూస్తే ఆ బొమ్మ మళ్లీ అదే తూము గుండా వెనక్కి రావాలి, ఇంకా తగ్గుతుంది. మానిటర్‌ను నేరుగా కార్డుకే కలుపుకోవాలి.

కేబుల్ గురించి నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. ఓ స్నేహితుడి డబ్బా నాలుగు రోజులకు అరువు తెచ్చుకున్నాను. దానితో వచ్చిన కేబుల్ అర మీటరు. టేబుల్ మీద అందక, ఫోన్ ఛార్జర్‌ది రెండు మీటర్ల టైప్-సి వైరు పెట్టాను. ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతోంది, కార్డు మాత్రం కనబడదు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను, బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాను, విండోస్‌ను తిట్టాను. ఆదివారం సాయంత్రానికి, ఏం తోచక ఆ పొట్టి వైరు పెట్టేసరికి పది సెకన్లలో కార్డు వచ్చేసింది. పొట్టిగా ఉండటానికి కారణం ఉంది. థండర్‌బోల్ట్ 3 మామూలు కేబుల్ అర మీటరు దాటితే 40 గిగాబిట్లు మోయలేదు, సగానికి పడిపోతుంది. ఛార్జింగ్ వైరుకైతే ఆ సిగ్నలే తెలియదు.

ఇక అసలు సంగతి, దీన్ని విదేశీ యూట్యూబర్లు చెప్పరు. వాళ్లకు అవసరం లేదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా నడుస్తుంది. డబ్బాలోని కార్డుకు బ్యాటరీ లేదు. కరెంటు పోయిన క్షణంలో ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది, కార్డు మాత్రం మాయమైపోతుంది. నడుస్తున్న కార్డు చెప్పాపెట్టకుండా పోతే ప్రీమియర్ మూసుకుపోతుంది, ఒక్కోసారి నీలి తెర వస్తుంది. ల్యాప్‌టాప్ కదా అని సేవ్ కొట్టకుండా కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది బాగా తగులుతుంది. అందుకని డబ్బాకు యూపీఎస్ తప్పదు. 3060 ఒక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది, 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు, కాబట్టి చాలు. ఇంట్లో ఇన్వర్టరే ఉంటే వెనుక ఉన్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారేలోపే కార్డు పోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని పవర్ సప్లైలు మొరాయిస్తాయి, సైన్ వేవ్ అయితే ఆ బాధ లేదు.

నా మాట ఏమిటంటే, ల్యాప్‌టాప్ ఎప్పుడూ స్టూడియో టేబుల్ మీదే ఉంటే డబ్బా వద్దు. డబ్బాకు పెట్టే డబ్బుతో డెస్క్‌టాప్‌కు ప్రాసెసర్, బోర్డు కొనుక్కోవచ్చు, కార్డు పూర్తి స్లాట్‌లో కూర్చుంటుంది. పగలు ఫంక్షన్ హాల్లో కెమెరా మెమరీ కార్డులు కాపీ చేసుకుంటూ, రాత్రి ఇంటికొచ్చి అదే ల్యాప్‌టాప్‌లో మిక్సింగ్ చేసేవాళ్లయితే అప్పుడు డబ్బాకు అర్థం ఉంది. ముందు ర్యామ్, ప్రాక్సీ చేసి చూసి మళ్లీ రాయండి.

మహబూబ్‌నగర్ నుంచి బీటెక్ మూడో ఏడాది విద్యార్థి: "నాది 8వ తరం ఐ5, థండర్‌బోల్ట్ లేదు. వైఫై కార్డు పీకేసి అక్కడ గ్రాఫిక్స్ కార్డు తగిలించే కిట్ ఉందట. పాత జీటీఎక్స్ 1650 చవకగా వస్తోంది. గేములకు, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుకు పనికొస్తుందా?"

కిట్ ఉన్న మాట నిజం, పనిచేసే మాటా నిజమే. కానీ తమ్ముడూ, వైఫై స్లాట్‌లో ఉండేది ఒక్క లేన్. సెకనుకు ఒక జీబీ దాటదు, బోర్డును బట్టి అందులో సగమే రావచ్చు. ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్ మేలు, నాలుగు లేన్లు ఉంటే థండర్‌బోల్ట్‌కు తీసిపోదు. అయితే అన్ని ఎం.2 స్లాట్లలో పీసీఐ రాదు, కొన్నింటిలో పాత డిస్కులు వాడే సాటా కనెక్షన్ మాత్రమే. ఉన్న ఎస్ఎస్‌డీని తీసి దాని బంగారు పళ్ల వైపు చూడు. సాధారణంగా రెండు గాట్లు ఉంటే సాటా, ఒక్క గాటు ఉంటే ఎన్‌వీఎంఈ, అంటే పీసీఐ మీద నడిచేది. రెండోదైతే నీ అదృష్టం. కానీ ఆ స్లాట్ కార్డుకు ఇచ్చేస్తే విండోస్ ఎక్కడ ఉంటుంది? హార్డ్ డిస్క్ పెట్టే చోట సాటా ఎస్ఎస్‌డీ వేసి అందులోకి మార్చుకోవాలి.

తర్వాత పవర్. 1650 దాదాపు 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లకు విడిగా పవర్ ప్లగ్గు ఉండదు, కావలసిందంతా స్లాట్ నుంచే లాగుతుంది. ఆ స్లాట్ కిట్ బోర్డు మీద ఉంటుంది కాబట్టి బోర్డుకు మంచి కంప్యూటర్ పవర్ సప్లై నుంచి కనెక్షన్ ఇవ్వాలి. సాటా డిస్క్ వైరుకు కన్వర్టర్ పెట్టి ఇవ్వకు. ఆ ప్లగ్గు తట్టుకునేది 54 వాట్ల దాకే, కరిగిపోయిన ప్లగ్గులు నేను చూశాను. ముందు కార్డుకు పవర్, ఆ తర్వాత ల్యాప్‌టాప్ ఆన్. నడుస్తుండగా వైరు పీకకూడదు, తగిలించకూడదు. థండర్‌బోల్ట్‌కు ఉన్న ఆ వీలు దీనికి లేదు.

ఇల్లు అలకగానే పండగ కాదు. అన్నీ బిగించాక డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 12 కనబడవచ్చు. కార్డుకు కావలసినంత అడ్రస్ చోటు ల్యాప్‌టాప్ బయాస్ కేటాయించలేదని దాని అర్థం. బయాస్ అప్‌డేట్ చేయడం, లోపల వేరే గ్రాఫిక్స్ చిప్ ఉంటే దాన్ని డిసేబుల్ చేయడం ప్రయత్నించవచ్చు. అప్పటికీ రాకపోతే వదిలేయడమే. పైగా మూత తెరిచిన ల్యాప్‌టాప్, టేబుల్ మీద బట్టలిప్పుకున్నట్టు కార్డు, పాలమూరు ఎండ, హాస్టల్ గది. కార్డు వెచ్చదనానికి బల్లి వచ్చి కూర్చుంటే ఆ నష్టానికి వారంటీ లేదు.

ప్రాజెక్టు కోసమైతే అసలు కొనకు. 1650లో మెమరీ 4 జీబీ, ఇవాళ్టి మోడళ్లకు అది చాలదు. గూగుల్ కోలాబ్‌లో పరిమితులతో ఉచితంగానే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఇస్తారు, బ్రౌజర్ ఉంటే చాలు. గేముల కోసమైతే ఇది డబ్బు ఆదా చేసే దారి కాదు, మానిటర్ కూడా కొనాలి. బోర్డులు విప్పి చూడటం అంటేనే నీకు సరదా అయితే చెయ్యి, ఆ వయసులో నేనూ అదే చేశాను.

నల్లగొండ నుంచి ఇంటర్ చదివే అబ్బాయి: "ఆన్‌లైన్‌లో రైజర్ అని తక్కువ ధరకు ఉంది. నీలం యూఎస్‌బీ వైరు ఉంది. దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి పెడితే గ్రాఫిక్స్ కార్డు నడుస్తుందా?"

నడవదు, పెట్టొద్దు కూడా. అది క్రిప్టో మైనింగ్ చేసేవాళ్లు వాడిన సామాను. యూఎస్‌బీ 3 వైరు గట్టిగా, చవకగా దొరుకుతుందని పీసీఐ సిగ్నల్‌ను అందులో పంపారు, అంతే. రెండో కొస డెస్క్‌టాప్ బోర్డు మీదున్న పీసీఐ స్లాట్‌లో చిన్న బిళ్లతో కూర్చోవాలి. చూడటానికి యూఎస్‌బీ, లోపల యూఎస్‌బీ కాదు. నీ ల్యాప్‌టాప్ పోర్టులో దూర్చితే పోర్టు పాడయ్యే ప్రమాదం ఉంది.

గద్వాల నుంచి చీరల డిజైన్లు గీసే ఒక చెల్లెలు: "మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 ఉంది. థండర్‌బోల్ట్ పోర్టు ఉంది కాబట్టి కార్డు పెట్టుకోవచ్చు కదా?"

పోర్టు ఉన్నా కుదరదమ్మా. ఆపిల్ 2018లో హై సియెర్రా 10.13.4తో బయటి కార్డులకు అధికారికంగా చోటిచ్చింది, అదీ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకే. సొంత చిప్పులు వచ్చాక వాటికి ఆ సపోర్ట్ ఇవ్వలేదు. బార్డర్, కొంగు, బుటా ఒకే ఫైల్‌లో పెట్టి పని చేస్తున్నావేమో చూడు. వాటిని విడి ఫైళ్లుగా చేసి, గ్రాఫ్ తీసేటప్పుడు మాత్రమే కలుపు. ఎం1లో ర్యామ్ పెంచుకునే వీలు లేదు కాబట్టి ముందుగా తగ్గాల్సింది ఫైలు బరువే.